కిటికీ పక్క కుర్చీ

నా మీసం పోయిన రోజు నుంచి మొదలుపెడతాను. ఇది మీసం కథ కాదు. కానీ మా వీధిలో ఒక్కరు కూడా ఆ నష్టాన్ని నష్టంగా చూడలేదు గనక, ముందు ఆ మాట చెప్పుకుంటే గానీ నా మనసు కుదుటపడదు.

నాది కళ్ళజోళ్ళ షాపు. పక్కనే సెలూన్. రెండింటికీ మధ్య ఒకటే గోడ, అదీ పల్చటిది. అటు కత్తెర ఆడితే ఇటు వినిపిస్తుంది. ఆ సెలూన్ పెట్టిన పెద్దాయనకి నేను కుర్రతనం నుంచీ తల అప్పగిస్తూ వచ్చాను. కిటికీ పక్క కుర్చీ ఆయనది. అంటే ఆయన కూర్చునేది కాదు, దాని వెనక నిలబడేది. అందులో ఎవరు కూర్చున్నా ఆయన చెయ్యే పడాలి. రెండో కుర్చీ కొడుకుది. నేను ఎప్పుడు వెళ్ళినా కిటికీ పక్కనే కూర్చుంటాను, కూర్చోగానే నిద్రపోతాను.

ఆ రోజూ అలాగే నిద్రపోయాను. కొడుకు తడి తువ్వాళ్ళు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళాడు. పై పెదవి మీద చల్లగా ఏదో తగిలి మెలకువ వచ్చింది. అద్దంలో ఎవరో ఉన్నారు. జబ్బుపడి లేచిన మా తమ్ముడిలా ఉన్నాడు. నాకు తమ్ముడు లేడు.

"తీసేశానబ్బాయ్," అన్నాడు పెద్దాయన కత్తి తుడుస్తూ, ఎంతో ప్రేమగా. "బాగా బద్ధకించినట్టున్నావు. మీ యజమాని చూస్తే ఊరుకుంటాడా?"

మా యజమాని పోయి ఎంత కాలమైందో. ఆయన బతికుండగా నేను ఆ షాపులో పనికుర్రాణ్ణి. కుర్రాళ్ళు మీసం పెంచితే ఆయనకి గిట్టేది కాదు. అందుకని వారం వారం ఈ పెద్దాయనే నన్ను నున్నగా గీసి పంపేవాడు. షాపు నా చేతికొచ్చిన మర్నాటి నుంచీ మొదలైంది నా మీసం. నా పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యేంత కాలం దాన్ని పెంచాను. అలాంటి మీసాన్ని ఆయన నన్ను తిట్ల నుంచి కాపాడదామని తీసేశాడు. కోప్పడటానికి కూడా వీల్లేకుండా చేశాడు.

అయినా కేక పెట్టాను. పెట్టనా మరి!

ఆ కేకకి కొడుకు మెట్లన్నీ ఒక్క ఊపున దిగి వచ్చాడు. తండ్రి చేతిలో కత్తి చూశాడు, నా ముఖం చూశాడు. "అన్నా, ఎక్కడైనా తెగిందా?" అని నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చిన్న గీటు కూడా లేదు. అంత నున్నగా ఆ కొడుకు కూడా గీయలేడు. ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను చూసి, "ఇన్నాళ్ళూ ఈ ముఖం ఎక్కడ దాచారండీ?" అంది. ఆవిడ సంగతి వదిలేయండి.

పెద్దాయనకి ఇది మొదటి పొరపాటు కాదు. దువ్వెనలు ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఒకాయనకి సగం తల కత్తిరించి, డబ్బాలో నీళ్ళు నింపుకొచ్చేసరికి మర్చిపోయి, అదే సగాన్ని మళ్ళీ కత్తిరించాడు. పోయిన భార్య ఇంకా టీ తేలేదేంటని విసుక్కునేవాడు. డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు చెప్పాడు. వయసుతో అందరికీ వచ్చే మతిమరుపు కాదట, తగ్గేదీ కాదట. ఇంట్లోవాళ్ళు ఆ మాట విన్నారు గానీ షాపులో ఆయన చెయ్యి చూస్తే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. నా మీసంతో నమ్మాల్సి వచ్చింది.

"ఇవాళ మీసం. రేపు గొంతు తెగితే ఎవడు జవాబు చెప్తాడన్నా?" అన్నాడు కొడుకు. కత్తులు, కత్తెరలు సొరుగులో పెట్టి తాళం వేసేశాడు. తండ్రిని షాపు మీద ఉన్న ఇంట్లోకి పంపించేశాడు. అతని మీద నాకేమీ కోపం రాలేదు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ పొద్దున్నే తెల్ల కోటు తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని ఆ పెద్దాయన మెట్ల మీద నిలబడి కిందికి చూస్తుంటే మాత్రం నేను తల దించుకుని షాపు తలుపు తీసుకునేవాణ్ణి.

ఇక కందిరీగ గురించి చెప్పాలి. అది ఆయన మనవరాలు. మూడో తరగతి. ఆ పేరు పెట్టింది నేనే. ఎక్కడా ఒక్క క్షణం నిలవదు, ఎవర్నీ కుట్టకుండా వదలదు. నేను ఎవరికైనా ఫ్రేము అంటగట్టబోతుంటే వచ్చి, "అది మీకు అస్సలు బాగాలేదండీ," అని చెప్పి పోయే రకం. వాళ్ళమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది, వచ్చేసరికి సాయంత్రం దాటుతుంది. అందుకని బడి నుంచి రాగానే తాతయ్యని మేడ మీద చూసుకునే పని దీని మీద పడింది. వీధిలో తిరగాల్సిన వేళ మేడ మీద కూర్చోవడం దానికి శిక్షే అయినా, ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు. తాతయ్య అంటే దానికి ప్రాణం. ఆయనకీ అంతే. అంటే, అంతకుముందు అంతే.

ఒకరోజు అది నా షాపులోకి వచ్చి స్టూలెక్కి కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. అది మాట్లాడకుండా ఉందంటే ఒంట్లో బాగోలేదని అనుకున్నాను.

"కళ్ళజోళ్ళ మామయ్యా, మా తాతయ్యకి కొత్త అద్దాలు కావాలి."

"మొన్నే కదే మార్చాను! బాగా కనిపిస్తోందన్నారు కదా."

"కనిపించట్లేదు. నన్ను చూసి, ఎవరి పాపవమ్మా నువ్వు అంటున్నాడు. రోజూ అంటున్నాడు. నువ్వు సరిగ్గా చెయ్యలేదు."

కళ్ళు వేరు, గుర్తు వేరు అని చెప్పబోయాను. నేనమ్మే వాటిల్లో దేన్ని పెట్టినా అది జరిగే పని కాదన్నాను. అది నా వైపు, షాపులో గోడ నిండా ఉన్న కళ్ళజోళ్ళ వైపు చూసింది.

"అయితే ఇన్ని ఎందుకు పెట్టుకున్నావు?" అని దిగి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఏడుస్తోంది. నేనూ ఆ పూట ఒక్క బేరమూ సరిగ్గా చేయలేకపోయాను.

తర్వాత అది ఊరుకోలేదు. ఊరుకుంటే కందిరీగ ఎందుకవుతుంది? తాతయ్య పని లేక ఇలా అయిపోతున్నాడు, పని ఉంటే నేనూ గుర్తొస్తాను అని దానికి నమ్మకం కుదిరింది. వాళ్ళ నాన్న పారేద్దామని పక్కన పెట్టిన మొద్దు కత్తెర ఒకటి తీసుకెళ్ళి తాతయ్య చేతిలో పెట్టి, మెడకి తువ్వాలు చుట్టుకుని ముందు కూర్చుంది. ఆయన కత్తెరని గాల్లో రెండుసార్లు ఆడించాడు. వెంటనే కింద పెట్టేశాడు.

"ఇది తెగదు," అన్నాడు. "సాన పెట్టించుకురా. ఇలాంటిది చేతికిస్తారా ఎవరైనా?"

బుర్రలో ఎన్ని పోయినా కత్తెర విషయంలో ఆయన్ని మోసం చేయలేరు. పిల్ల బాగా చిన్నబోయింది. కానీ మర్నాడే నా షాపుకొచ్చి నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మామయ్యా, పైకి రా. కస్టమర్‌గా కూర్చోవాలి."

"నేనా? ఒకసారి కూర్చున్నది చాలదా?"

"నీకు మీసం ఎలాగూ లేదు కదా. ఇంకేం పోతుంది?"

అది మాటకి మాట ఇలా అప్పగిస్తుంటే పెద్దవాళ్ళం ఏం చేస్తాం? షాపుకి గొళ్ళెం పెట్టి వెళ్ళాను. వంటింట్లో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, "తాతయ్యా, కస్టమర్ వచ్చాడు!" అని కేక వేసింది. మంచం మీద తువ్వాళ్ళు మడతపెట్టుకుంటున్న పెద్దాయన చటుక్కున లేచాడు. నడుం నిటారైంది. నన్ను చూసి, "రండి, రండి. కొత్తగా వచ్చారా ఈ వైపు?" అన్నాడు. నన్ను! జీవితమంతా ఆయన చేతికింద కునుకు తీసినవాణ్ణి.

దువ్వెన తీసుకుని కాసేపు దువ్వాడు. తర్వాత అది పక్కన పెట్టి వేళ్ళు నా జుట్టులోకి పోనిచ్చాడు. కణతల దగ్గర మొదలుపెట్టి మెల్లగా వెనక్కి వెళ్తున్నాడు. ఆ మర్దన ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు. ఎంత చికాకులో ఉన్నా మనిషి మెత్తబడిపోతాడు. కుడి చెవి వెనక్కి వచ్చేసరికి ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"ఈ బొప్పి ఇంకా తగ్గలేదేంటబ్బాయ్? అద్దాల పెట్టె పెట్టుకుని సైకిలు తొక్కొద్దని నీకు చెప్పానా లేదా?"

పనికుర్రాణ్ణిగా ఉన్నప్పుడు సైకిలు మీంచి పడితే కట్టిన బొప్పి అది. ఆ బొప్పి సంగతి మా ఆవిడకి కూడా తెలియదు. కందిరీగ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు మర్దన చేసుకుంటూ, మా పాత యజమాని పిసినారితనం గురించి నాకే కబుర్లు చెప్పాడు. మనిషి ఎంత హుషారుగా ఉన్నాడో!

మెట్లు దిగుతుంటే పిల్ల నా చొక్కా పట్టుకుని ఆపింది. "ముఖం చూస్తే తెలియట్లేదు మామయ్యా. తల పట్టుకుంటే తెలుస్తోంది."

"అవునే. అయితే ఇంకేం, ఈసారి నువ్వు కూర్చో."

"వద్దు."

"ఏం? ఎందుకొద్దు?"

అది చాలాసేపు మెట్ల పక్క గోడకున్న పెచ్చు గోకుతూ నిలబడింది. "పట్టుకున్నాక కూడా తెలియకపోతే?" అంది.

ఇప్పుడైతే ఒక ఆశ ఉంది. కూర్చున్నాక అది కూడా పోతే ఎలా? అంత చిన్న పిల్ల ఇంత లెక్క వేసుకుంది. నాకు తెలిసినవాళ్ళలో అంతకన్నా పెద్ద ధైర్యవంతురాలు లేదు, అదే ఒక్క కుర్చీకి భయపడుతోంది.

తను కూర్చోలేదు గానీ, తాతయ్యని మళ్ళీ కిటికీ పక్కకి చేర్చే పని మాత్రం పట్టుకుంది. వాళ్ళ నాన్న వెంట పడింది. అతను తల అడ్డంగా ఊపాడు. షాపంటే ఆటస్థలం కాదన్నాడు. ఇది అన్నం తింటున్నా అదే మాట, తువ్వాళ్ళు పిండుతున్నా అదే మాట. చివరికి అతను నా దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వైనా చెప్పు దానికి," అన్నాడు. నేను పిల్ల పక్షాన మాట్లాడాను. మీసం పోగొట్టుకున్నవాణ్ణి కదా, నా మాటకి విలువుంటుంది. అతను దిగాలుగా కూర్చుండిపోయాడు.

"నీకేం తెలుసన్నా. నిన్న నన్ను 'ఓనరు గారూ' అని పిలిచాడు. చేతులు కట్టుకుని నిలబడి, రేపు సెలవు కావాలండీ అన్నాడు. సరే, తీసుకోండి అన్నాను. ఇంకేమంటాను?"

ఆ తర్వాత అతనే లేచి, కత్తులూ కత్తెరలూ ఉన్న సొరుగుని తన కుర్చీ వెనక గోడకి బిగించాడు. కిటికీ దగ్గర అల్మారాలో దువ్వెన, నీళ్ళ డబ్బా, నూనె, తువ్వాళ్ళు మాత్రం ఉంచాడు. బడి లేని రోజున, ఎవరూ రాని మధ్యాహ్నం చూసి తండ్రిని కిందికి తీసుకొచ్చాడు.

మొదటగా వచ్చినవాడు టాక్సీ డ్రైవరు. జుట్టు కొడుకు దగ్గర కత్తిరించుకుని, తలనొప్పిగా ఉందంటే కందిరీగ చెయ్యి పట్టి లాక్కెళ్ళి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. పెద్దాయన చుట్టూ చూశాడు. "నా కత్తెరేది?" అన్నాడు. కొడుకు గబుక్కున సొరుగు వైపు చూశాడు. పిల్ల మాత్రం తడుముకోలేదు.

"సాన పెట్టించమన్నావు కదా తాతయ్యా, పంపించాం."

"ఆఁ, మంచి పని చేశావమ్మా," అని ఆయన సంతోషించి డ్రైవరు తల మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడు అడిగినా అదే జవాబు, ఎప్పుడు విన్నా అంతే సంతోషం.

డ్రైవరు నిద్రపోయాడు. పెద్దాయన మర్దన ముగించి, భుజం తట్టి, తువ్వాలు దులిపి మడతపెట్టాడు. వెనక్కి తిరిగేసరికి కుర్చీలో మనిషి ఉన్నాడు. "అయ్యో, ఎంతసేపైంది వచ్చి? రండి, రండి," అని మళ్ళీ కణతల దగ్గర మొదలుపెట్టాడు. కొడుకు ఆపబోతే పిల్ల వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. డ్రైవరు ఒక కన్ను తెరిచి, "ఉండనివ్వండి," అని మళ్ళీ మూసుకున్నాడు. అలా ఎన్నిసార్లు మొదలుపెట్టాడో నేను చూడలేదు, నాకు బేరం తగిలింది. పోయేటప్పుడు మాత్రం ఆ డ్రైవరు పసిపిల్లాడిలా ఆవులిస్తూ పోయాడు.

ఈ సంగతి వీధంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. నిద్ర పట్టని టీచరమ్మ భర్త, మెడ పట్టేసిన టైపు కొట్టే గుమాస్తా, ఊరికే ఇంట్లో ఉండలేని వాళ్ళు, అందరూ కిటికీ పక్క కుర్చీ కోసం బెంచీ మీద కూర్చోసాగారు. తొందరున్నవాళ్ళు కొడుకు దగ్గరికి, తొందర లేనివాళ్ళు తండ్రి దగ్గరికి. కొడుకు ముఖంలో కూడా కాస్త రంగు వచ్చింది. మధ్యాహ్నం పూట పెద్దాయన కబుర్లు గోడ ఇవతల నాకు వినిపిస్తుంటే, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉండేది. ఆయన అడిగిందే అడుగుతాడు. కస్టమర్లు చెప్పిందే చెప్తారు. మా వీధిలో గొడవలు లేని మాటలంటే అవే.

కందిరీగ బడి నుంచి వచ్చి బెంచీ మీద హోంవర్కు చేసుకునేది. తువ్వాలు అందించేది, సాన సంగతి చెప్పేది. ఆయన "ఎవరి పాపవమ్మా?" అంటే, "ఈ షాపు పాపనే," అనేది. ఇప్పుడు ఆ మాటకి ఏడవడం మానేసింది. కానీ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు దాని వైపు ఒకసారి చూసి తల దించేసుకోవడం నా కంట పడుతూనే ఉంది.

వానకి బడి సెలవిచ్చిన ఒక మధ్యాహ్నం ఎవరూ రాలేదు. నేనూ షాపులో ఈగలు తోలలేక సెలూన్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. కొడుకు అద్దం తుడుస్తున్నాడు. పెద్దాయన కుర్చీ వెనక నిలబడి, తువ్వాలు దులిపి, మడతపెట్టి, మళ్ళీ దులుపుతున్నాడు. ఎవరూ లేక చేతులు ఊరుకోవడం లేదు. పిల్ల ఆయన్నే చూస్తోంది. పుస్తకం మూసింది. లేచి వెళ్ళి, కుర్చీ ఎక్కి కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"రా పాపా, రా," అన్నాడు ఆయన సంబరంగా. రెండు జడలూ విప్పాడు, రిబ్బన్లు జాగ్రత్తగా అల్మారాలో పెట్టాడు. వేళ్ళు కణతల మీంచి మొదలై నడినెత్తికి వెళ్ళాయి. అక్కడ దానికి పక్కపక్కనే రెండు సుడులు ఉన్నాయి. వేళ్ళు ఆ రెండింటి మీదా తిరిగాయి, వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ అక్కడికే వచ్చాయి.

"కదలకురా బుజ్జినాన్నా," అన్నాడు పెద్దాయన. గొంతు ఎంత మెత్తగా ఉందో! "నీ సుడులు నాకు తెలుసు కదా. అమ్మ చూసేలోగా చక్కగా దువ్వేస్తాను."

అద్దం తుడిచే గుడ్డ కొడుకు చేతిలో ఆగిపోయింది. బుజ్జినాన్న అతనే. ఆ పేరుతో అతన్ని పిలిచే మనిషి ఇల్లు మొత్తంలో ఈయన ఒక్కడే, ఈయన కూడా పిలిచి ఎంతో కాలమైంది. ఆ రెండు సుడులూ అతని తల మీంచి పిల్లకి వచ్చినవి.

ఇన్నాళ్ళూ దాచుకున్న ఆశ ఇలా వేరొకరి పేరు మీదికి పోతే పిల్ల ఏమైపోతుందో అనుకున్నాను. కందిరీగ కళ్ళు తెరిచింది. అద్దంలో తాతయ్యని చూసింది, ఆయన వెనకాల కదలకుండా నిలబడిన నాన్నని చూసింది. కాసేపు ఆలోచించుకుంది. తర్వాత నవ్వింది. పైపై నవ్వు కాదు, నాకు ఆ పిల్ల నవ్వులన్నీ తెలుసు.

"నా తల తెలిసింది," అని నాతో గుసగుసగా చెప్పింది. "మనవాళ్ళదే అని తెలిసింది."

మెల్లగా కుర్చీ దిగింది. జుట్టు విరబోసుకునే వెళ్ళి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "నిన్నే పిలుస్తున్నాడు, కూర్చో," అంది. అంత మనిషీ మారు మాట లేకుండా కూర్చున్నాడు. పెద్దాయన తువ్వాలు దులిపి అతని మెడ చుట్టూ కప్పాడు. అతని నడినెత్తి మీద వేళ్ళు పెట్టాడు. వేళ్ళు అక్కడే తిరిగాయి.

కొడుకు భుజాలు కదలసాగాయి. పెద్దాయన కంగారుగా ముందుకి వంగి అతని ముఖంలోకి చూశాడు.

"ఏడుస్తావేంరా? కత్తెర తగిలిందా నాన్నా?"

"లేదు నాన్నా," అన్నాడు కొడుకు. "తగల్లేదు. ఇంకాసేపు చెయ్యి."